పై అర

జూలై 6, ఆదివారం

భూపాలపల్లి నుంచి తండాకు వచ్చేశాను. జిరాక్స్ షాపులో సెలవు అడిగితే ఎన్ని రోజులన్నాడు ఓనర్. బీరువా బాగయ్యేదాకా అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చూడనీ.

ఈ డైరీ కూడా తెలుగులోనే రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడేది మా లంబాడా మాట. చదివినవన్నీ తెలుగు కరపత్రాలు. యాడి అని కాకుండా అమ్మ అని, బా అని కాకుండా నాన్న అని రాద్దామని చూశాను. చేయి రాలేదు.

విషయం ఇది. గడ్డ మీద కొత్త ఇల్లు అయిపోయింది. వాగు ఎంత పొంగినా అక్కడికి అందదు. వానలు ముదిరేలోపు పాత ఇల్లు వదలాలి. బా సామానంతా ట్రాక్టర్‌లో చేరవేశాడు. యాడి మాత్రం కదలడం లేదు. సుమన బీరువా వస్తేనే వస్తానంటోంది. బీరువా వచ్చే స్థితిలో లేదు. అది పార్టికల్ బోర్డు. పోయినేటి వరదకు అడుగు ఉబ్బి తలుపులు రెండూ బిగుసుకుపోయాయి. పది నెలలుగా ఎవరూ తెరవలేదు. ఎత్తితే కింది పలక పొడిపొడిగా రాలుతుంది. బా దాని వైపు చూడనైనా చూడడు. గా పొట్టు డబ్బ కొత్తింట్లకు రావద్దు, తెరవకుంటనే కాలబెడత అంటాడు.

సుమన నా చెల్లె. డిగ్రీ రెండో ఏడు. పోయిన శ్రావణం చివర, తెల్లవారేసరికి పై ఊరి చెరువు తెగి వాగు తండా మీదికొచ్చింది. అందరూ బడి స్లాబు ఎక్కారు. సుమన కూడా ఎక్కింది. ఎక్కి, మళ్ళీ దిగింది. బడికీ మా ఇంటికీ మధ్య నూరడుగులు. వెళ్ళేటప్పుడు మోకాలి లోతు. తిరిగొచ్చేటప్పుడు ఎంత లోతో చెప్పడానికి ఆమె లేదు. మర్నాడు రెండు కిలోమీటర్ల దిగువన తుమ్మల్లో దొరికింది.

నేను భూపాలపల్లిలో ఉన్నాను. ఆ పొద్దున సుమన ఫోన్ చేసింది. నేను చెప్పింది ఒక్కటే. పైకి.

బా ఎందుకు దిగనిచ్చాడు? దినం నాడు అందరి ముందు అదే అడిగాను. అరిచాను. జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

జూలై 7

కొలతలు తీసుకున్నాను. ఎత్తు ఆరడుగులు, వెడల్పు మూడు. రెండు తలుపులు, నాలుగు అరలు. ముప్పావు అంగుళం ఉండాల్సిన కింది పలక అంగుళంన్నర అయింది. వెనక వైపు సన్మైకా లేచి పెదవిలా విచ్చుకుంది. వేలు పెడితే తడి పొట్టు.

పది నెలల తర్వాత తడి ఏమిటి?

తలుపు మీద సుమన అతికించుకున్న టైంటేబుల్ ఇంకా ఉంది. ఇంకు కారి సోమవారం మంగళవారంలోకి దిగింది.

యూట్యూబ్‌లో ఒకాయన చెప్పిన టెస్టు చేశాను. జానెడు పాలిథీన్ ముక్క పలక మీద పెట్టి నాలుగు వైపులా టేపు వేశాను. లోపల తడి ఉంటే తెల్లారేసరికి ప్లాస్టిక్ లోపలి వైపు ఆవిరి పడుతుంది. పడకపోతే ఎండినట్టు. యాడి నిలబడి చూసింది. ఇది సైన్స్ అని చెప్పాను. తలూపింది.

జూలై 8

ఆవిరి పడింది. యాడి వేలితో ప్లాస్టిక్ మీద మెల్లగా రాసి, ఊపిరి తీస్తాంది అంది.

జూలై 10

నిన్నంతా యాడితో మాట్లాడలేదు. మూఢనమ్మకం మీద అరిచి, అరిచినందుకు సిగ్గుపడి.

ఈ రోజు మానుకోట వెళ్ళాను, బీరువా కొన్న షాపుకు. సుమనకు ఇంటర్‌లో ఫస్ట్ క్లాస్ వచ్చినప్పుడు బా కొన్నాడు. బిల్లు మీద ఉడెన్ వార్డ్‌రోబ్ అని ఉంది. ఇందులో ఉడ్ ఎక్కడుందో చూపించమన్నాను. వినియోగదారుల హక్కుల మీద రెండు కరపత్రాలు నాకు కంఠతా వచ్చు. రెండూ వినిపించాను. షాపాయన ఓపిగ్గా విని, కట్టెను కోసి పొట్టు చేసిన్రు, పొట్టును ఒత్తి బోర్డు చేసిన్రు, ఉడ్ కాకపోతే ఇనుమా తమ్మీ అన్నాడు. అందరూ నవ్వారు. పక్కనున్న స్టూలును తన్నాను. కాలు విరిగింది. స్టూలుది.

బయట టీ కొట్టు దగ్గర ఒకాయన పిలిచాడు. ఏం తమ్మీ, స్టూలు ఏం పాపం జేసింది అని. పేరు ప్రభుదాస్. యాభై దాటి ఉంటాయి. చొక్కా జేబులో చిన్న బైబిలు, చెవి మీద పెన్సిలు. ఇలాంటి సామాను బిగించడం, బాగుచేయడం ఆయన పని. నా కథ విని బిస్కెట్ చాయ్‌లో ముంచి చూపించాడు. గిదే నీ బీరువ. గట్టిగ వడితే తునుగుతది, ఇడిసిపెడితే మునుగుతది. జర ఓపిక గావాలె. నీ మొఖం జూస్తె నీకు లేదు.

లేదని నాకు తెలుసు. ఆయన చెప్పిందంతా రాసుకున్నాను. ఎండలో పెట్టకూడదు, సన్మైకా లేస్తుంది. నీడన, ఫ్యాను గాలికి. కింద ఇటుకలు పెట్టి నేలకు తాకకుండా లేపాలి, గోడకు జానెడు దూరం జరపాలి. బాగా ఎండాకే ఫెవికాల్, అదీ పల్చగా నీళ్ళు కలిపి సిరంజితో పగుళ్ళలోకి ఎక్కించి, రెండు గట్టి పలకల మధ్య క్లాంపులతో నొక్కి ఉంచాలి. స్క్రూ పట్టకపోతే రంధ్రంలో ఫెవికాల్, అగ్గిపుల్లలు. తర్వాత పగుళ్ళు పూడ్చే లప్పం, సాండ్‌పేపర్, కోసిన అంచు ఎక్కడ కనబడితే అక్కడ వార్నిష్. మరీ పాడైన పలకను కోసి పారేసి ప్లైవుడ్ వేయాలి.

లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. తడి మీద లప్పం పెట్టకు తమ్మీ. పైకి నున్నగ కనవడ్తది. లోపట తినుకుంట పోతది.

జూలై 13, ఆదివారం

ఇటుకల మీదికి ఎక్కించాం. ఒక్కణ్ణే అవస్థ పడుతుంటే బా ఎక్కడి నుంచో ట్రాక్టర్ జాకీ తెచ్చి, మాట్లాడకుండా కింద పెట్టి, మాట్లాడకుండా లేపి, వెళ్ళిపోయాడు. కాలబెడతానన్న మనిషే.

జాకీ లేస్తున్నప్పుడు లోపల ఏదో జారిన చప్పుడు. కాగితాలు.

రాయాలి కదా ఇది కూడా. కింది అరలో నా కరపత్రాల కట్టలు ఉండేవి. భూపాలపల్లిలో ఎవరు ఏ కరపత్రం అచ్చు వేయించినా మా షాపుకే వస్తారు. గని యూనియన్లు, పోడు భూముల వాళ్ళు, హేతువాదులు, వాళ్ళను తిట్టేవాళ్ళు. ప్రతిదాంట్లో ఒక కాపీ దాచుకునేవాణ్ణి. నేను చదివిన కాలేజీ అదే. మా గదిలో చెదలు పడుతుందని ఇంటికి తెచ్చి సుమన బీరువాలో పెట్టాను. నీ ప్రభుత్వం నా చీరెల కిందికి వచ్చింది అన్నా అని నవ్వేది. ఆమె సర్టిఫికెట్లు పై అరలో ఉండేవి. అలా ఉండేవనే నాకు గుర్తు.

వరద తర్వాత నేనే ఒక కరపత్రం రాశాను. నా మొదటిది. అయిదు వందల కాపీలు. అందులో ఒక వాక్యం ఉంది. తన సర్టిఫికెట్లు కాపాడుకోవడానికి వెనక్కి వెళ్ళిన ఆదివాసీ విద్యార్థిని వరదకు బలైంది. మీటింగుల్లో చదివారు. చప్పట్లు కొట్టారు.

తలుపు తెరుచుకుంటే తెలుస్తుంది. పై అరలో ఏముందో.

జూలై 15

పాలిథీన్ పొడిగా ఉంది! రెండుసార్లు చూశాను.

జూలై 16

ఫెవికాల్ ఎక్కించాను. ఆరు సిరంజిలు. క్లాంపులు ప్రభుదాస్ ఇచ్చాడు, తాకట్టుగా నా చెప్పులు ఉంచుకుంటానని జోక్ చేశాడు. రెండు రోజులు కదపొద్దన్నాడు. యాడి గుమ్మంలో కూర్చుని బీరువా వెనక వైపు ఎందుకు బిగించావని అడిగింది. అక్కడే ఎక్కువ పాడైందన్నాను.

జూలై 18

క్లాంపు విప్పాను. తడి. ఫెవికాల్ ఎండలేదు, పాలలా కారుతోంది. వెనక వైపే. పైకప్పు చూశాను, కారడం లేదు. నేల పొడి. గోడ పొడి. వాన లేదు.

తండా పెద్ద బీక్యా నాయక్ ఇంటి నల్లా పైపు మా గోడ పక్క నుంచే పోతుంది. అదే లీకై ఉంటుంది.

జూలై 19

బీక్యా ఇంటి ముందు గొడవ చేశాను. తండా నాయక్ అయితే పక్కవాడి గోడ తడపొచ్చా, నీళ్ళ మీద పెత్తనం ఎవడిచ్చాడు అని. అందరూ చేరారు. బీక్యా గడ్డపార తెచ్చి నా చేతికిచ్చి తవ్వుకోమన్నాడు. తవ్వాను. పైపు ఎండిపోయి ఉంది. నల్లా బంద్ అయి పది రోజులట. తండాలో అది తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. కాయితాల పిలగాడు భూమి లోపట గూడ కాయితాలే ఎతుకుతుండు అని ఎవరో ముసలమ్మ అంది. గుంత పూడ్చి వచ్చాను.

జూలై 22

ప్రభుదాస్ తన టీవీఎస్ బండి మీద తండాకే వచ్చాడు. బీరువా చుట్టూ తిరిగాడు, వేలి కణుపుతో కొట్టి విన్నాడు, వాసన చూశాడు. యాడి మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయినప్పుడు నా చెవిలో అన్నాడు. పోయినేటి వరద ఈ ఏటి దాక ఉండది తమ్మీ. దీనికి ఎవరో నీళ్ళు తాపుతున్నరు.

ఒళ్ళు జలదరించింది. జలదరించినందుకు నామీద నాకే కోపం వచ్చింది. బీరువా వెనక వంగి సెల్‌ఫోన్ లైటు వేశాను. సన్మైకా విచ్చుకున్న పగుల్లో లేతగా గడ్డి మొలిచి ఉంది. వెలుతురు లేక తెల్లగా, వెంట్రుకల్లా. పీకి పారేశాను. అంతా వేళ్ళతో సహా.

యాడి చెంబుతో వచ్చింది. నేల మీద పడ్డ గడ్డిని చూసింది. చెంబు ప్రభుదాస్ చేతికిచ్చి, కూర్చుని, ఒక్కొక్క పోచా ఏరుకుని కొంగులో వేసుకుంది.

జూలై 23

యాడి తినలేదు.

జూలై 24

తినలేదు. నాతో మాట్లాడలేదు. బా వచ్చి ఏం జేసినవ్ రా అన్నాడు. గడ్డి పీకాను అన్నాను. గడ్డి పీకితే యాడికి ఇంత కోపమా?

జూలై 26

పొద్దున్నుంచి వాన. మధ్యాహ్నానికి వాగు చప్పుడు మారింది. తండాలో అందరికీ ఆ చప్పుడు తెలుసు ఇప్పుడు. జనం గడ్డ మీదికి నడిచారు. యాడి బీరువాకు వీపు ఆనించి కూర్చుంది. బతిమాలాను. తిట్టాను. చెయ్యి పట్టి లాగాను. నువ్వు పో బేటా, నేను దీన్ని ఇడిసిపెట్టి రాను అంది. బా గుమ్మంలో తడుస్తూ నిలబడి మమ్మల్ని చూశాడు. నీళ్ళు గడప దాకా వచ్చి, గంటసేపు అక్కడే ఆగి, తగ్గాయి.

ఒక గంట. అంతే తేడా. వచ్చే వానకు గడప దగ్గర ఆగుతుందని ఎవరు చెప్పారు?

బీరువా బాగుపడితే తప్ప యాడి ఈ ఇంట్లోంచి రాదు. దానికి నీళ్ళు పోస్తున్నది ఎవరో పట్టుకుంటే తప్ప అది బాగుపడదు.

ఆగస్టు 2, శనివారం, పొద్దున అయిదున్నర

పట్టుకున్నాను.

వారం రోజులు కాపు కాశాను, పొద్దున వసారాలో దుప్పటి కప్పుకుని నిద్ర నటిస్తూ. అయిదు రోజులు ఏమీ లేదు. నిన్న చెంబు చప్పుడు. ఈ రోజు చూశాను. తెల్లగా తెల్లారుతుండగా యాడి లేచింది. చెంబు తీసుకుంది. బీరువా వెనక మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో నీళ్ళు తీసి పగుల్లో చిలకరించింది. పాట పాడుతోంది. నోట్లోనే. తీజ్ పాట.

పొద్దున పది గంటలు

రాయాలి, మరిచిపోకముందే, యాడి చెప్పినట్టే.

తీజ్ మా ఆడపిల్లల పండుగ. పెళ్ళికాని పిల్లలు దుస్సేరు తీగ బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తారు, పాడతారు. తొమ్మిదో రోజు మొలకల్ని వాగులో సాగనంపుతారు. సాగనంపేటప్పుడు పిల్లలందరూ ఏడుస్తారు. పోయినేడు ఏడో రోజున వరదొచ్చింది. బుట్టలన్నీ కొట్టుకుపోయాయి. నాలుగు రోజుల తర్వాత యాడి ఇంట్లో అడుగుపెట్టేసరికి, సుమన చల్లగా మిగిలిన గోధుమలు వరద నీళ్ళకు బీరువా పగుల్లోకి చేరి మొలిచి ఉన్నాయి. పచ్చగా.

అప్పటి నుంచి యాడి నీళ్ళు పోస్తోంది. ఏడు రోజులు. ఏడో రోజుతో ఆపేస్తుంది. మొలకలు ఎండిపోతాయి. రెండు మూడు రోజులు ఆగి మళ్ళీ నాలుగు గింజలు వేస్తుంది. మళ్ళీ ఏడు రోజులు. పదకొండు నెలలు.

ఎనిమిదో రోజు ఎందుకు పోయవు అని అడిగాను.

ఎనిమిది అయితే తొమ్మిది అయితది కద బేటా అంది. తొమ్మిదో దినం సాగనంపాలె.

నా దగ్గర హేతువాదం మీద ముప్పై పైన కరపత్రాలు ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ దీనికి జవాబు లేదు. మా భాషలో అసలు కరపత్రమే లేదు.

సాయంత్రం

ఉలి పట్టుకుని ఆలోచించాను. ఉబ్బిన పొట్టు ఎలాగూ తీసెయ్యాల్సిందే. పలకలో బతికి ఉన్న భాగం లేదు. మరి ఆ పొట్టునే బుట్టలో వేస్తే?

యాడికి చెప్పాను. రేపు తండాలో తీజ్ మొదలు. సుమన మొలకలు బీరువాలో వద్దు, బుట్టలో పెడదాం. మిగతా పిల్లల బుట్టల పక్కన. తొమ్మిదో దినం నువ్వుంటవా అని అడిగింది. ఉంటానన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

బీక్యా నాయక్ దగ్గరికి పోవాల్సి వచ్చింది. బుట్టలన్నీ ఆయన వాకిట్లో మంచె మీదే పెడతారు. గడ్డపార గొడవ అయి పదిహేను రోజులే. ఆయన చుట్ట తీసి, పండుగలు పనికిమాలినయ్ అని నువ్వు రాసిన కాయితం నా మనుమడు నాకు సదివి వినిపించిండు అన్నాడు. రాశాను అన్నాను. మరి ఇప్పుడేంది అన్నాడు. చెల్లెకు రెండు రోజులు బాకీ ఉంది తాతా అన్నాను. 

పోయిన పిల్ల బుట్ట, ఉన్న పిల్లల నడుమ ఎట్ల పెడ్తం అని ఒకరు, దాని నీళ్ళు ఎవరు పోస్తరు అని ఒకరు. సుమన స్నేహితురాలు కౌసల్య గుంపులోంచి వచ్చి, నా చేతిల బుట్ట తీసుకుంది. నాకు రెండు చేతులున్నయ్, రెండు బుట్టలకు పోస్త అంది. బీక్యా చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. అంటే సరే.

బుట్టలో సగం పుట్టమన్ను, సగం బీరువా పొట్టు. యాడి గింజలు చల్లింది.

ఆగస్టు 5

మొలకెత్తాయి. జిగురు పొట్టుల గూడ అని ప్రభుదాస్ నోరు తెరిచాడు.

పాలిథీన్ పొడి. నీళ్ళు ఆగి మూడో రోజు.

ఆగస్టు 6

ఈ రోజు కోశాం. బీరువాను మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, ఉబ్బిన అడుగు పలకను ప్రభుదాస్ రంపంతో కోసేశాడు. బా ఆ చివర పట్టుకున్నాడు, నేను ఈ చివర. కొత్త ప్లైవుడ్ పలక. దాని నాలుగు అంచులకూ మూడు పూతలు వార్నిష్. కింద నాలుగు రబ్బరు గుండీలు. ప్రభుదాస్ పాట ఏదో కూనిరాగం తీస్తున్నాడు, చర్చి పాట. నిలబెట్టగానే కింది నుంచి ఒత్తిడి పోయి ఎడమ తలుపు దానంతటది రెండు వేళ్ళ మందం తెరుచుకుంది.

బా చెయ్యి చాచి మూసేశాడు.

కొత్తింట్లకు పోయినంక తెరువు అన్నాడు. లేకుంటే అసలే తెరవకు. అప్పటిదాకా ఆయన మొహం అంత దగ్గరగా చూడలేదు నేను. ఎంత ముసలివాడైపోయాడు!

ఆగస్టు 7

బా పొలానికి పోయాక తెరిచాను.

పై అరలో నా కరపత్రాలు. అన్నీ. కట్టలు కట్టలుగా, కొసలు కలిపి, నా గని యూనియన్లు, నా హేతువాదులు, నన్ను తిట్టేవాళ్ళు. పొడిగా. ఒక్క మరక లేదు. జారిపోకుండా ముందు ఆమె చున్నీ అడ్డం కట్టి ఉంది.

నా కట్టలు పైకి పోవాలంటే పైనున్నవి కిందికి రావాలి. వచ్చాయి. సర్టిఫికెట్ల ఫైలు, నోట్సు, రికార్డు బుక్కు, అన్నీ కింది అరలో, ఒకే ముద్దగా, బోర్డులాగే. వేలితో తీస్తే పొట్టు. టెన్త్ మెమో మీద ఆమె ఫోటో ఉన్న చోట తెల్లగా ఉంది.

ఇక రాస్తాను. ఆమె ఫోన్ చేసింది ఇంట్లోంచి కాదు. బడి స్లాబు మీద నుంచి. అన్నా, వాగొచ్చింది, మేమందరం ఎక్కినం, బాగనే ఉన్నం అని చెప్పడానికి చేసింది. అప్పటికే పైనున్నవాళ్ళకు పైకి పొమ్మని ఎవరైనా చెబుతారా? నేను చెప్పింది పైకి పో అని కాదు.

పైకి పెట్టు.

కింది అరలో నా కాగితాలున్నాయి, తడుస్తాయి, పైకి పెట్టు. తెలుగులో చెప్పాను. తెల్లవార్లూ అచ్చు పని, షాపులో జనం ఉన్నారు, మా భాష మాట్లాడటం నాకు నామోషీ. చేతిలో ఆత్మగౌరవ సభ కరపత్రం ఉంది, వెయ్యి కాపీలు.

ఆగస్టు 9, శనివారం

రాఖీ.

ఆగస్టు 10

బాకు చెప్పాను. పొలం గట్టు మీద. దినం నాడు నీ మీద అరిచాను కదా, అది నీ తప్పు కాదు, నాది అన్నాను. ఫోన్‌లో నేనేమన్నానో మొత్తం చెప్పాను.

బా నాగటి కర్రుకున్న మట్టి పుల్లతో గీకుతూనే ఉన్నాడు. తర్వాత, తెలుసు అన్నాడు. అందరం ఇందమని అది స్పీకర్ పెట్టింది. నేనూ మీ యాడీ ఇన్నం.

 మరి పదకొండు నెలలు ఎందుకు చెప్పలేదు, అందరి ముందు అంత అరిస్తే ఎందుకు పడ్డావు అని అడిగాను. నన్ను అన్నన్ని దినాలు నువ్వు బతుకుతవు అనుకున్న అన్నాడు. గందుకే దాన్ని తెరవకుంట కాలబెడతనన్న. నువ్వు సూడొద్దని.

లేచి పోబోతూ ఆగాడు. చెప్పాలా వద్దా అన్నట్టు. తర్వాత చెప్పాడు. నేను వద్దనే అన్న బేటా. కాయితాలు పోతే పోనియ్ అన్న. అన్నకు కోపం ఎక్కువ బా, ఊకోడు, అయిదు నిమిషాల్ల వస్త అని దిగింది.

ఆగస్టు 11, సోమవారం

తొమ్మిదో రోజు.

మొలకలు జానెడు పెరిగాయి. మంచె మీద పచ్చని గుబుర్లు, అన్నీ ఒకేలా ఉన్నాయి. సుమనది ఏదో కౌసల్య చూపిస్తే తప్ప తెలియలేదు. పిల్లలు బుట్టలు నెత్తిన పెట్టుకుని వాగుకు నడిచారు. కౌసల్య నెత్తిన ఒకటి. రెండోది యాడి మోసింది. దారి పొడుగునా పాట. వాగు ఒడ్డున పాట ఏడుపైంది. ఏటా అవుతుంది. చిన్నప్పుడు నేనూ సుమనను వెక్కిరించేవాణ్ణి, గడ్డి కోసం ఏడుస్తవా అని.

యాడి నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగింది. వదల్లేకపోయింది. నేనూ దిగాను. ఇద్దరం కలిసి బుట్ట వంచాం. పచ్చదనం ఒకసారి తిరిగి, పొట్టు విడిపోయి, పోయింది.

యాడి నా చెయ్యి వదలకుండా ఒడ్డెక్కి, ఇగ పోదం పా, కొత్తింటికి అంది.

ఆగస్టు 12

చేర్చాం. నలుగురం ఎత్తాం. ఒక్క రవ్వ రాలలేదు. గోడకు జానెడు దూరం, కింద రబ్బరు గుండీలు, అన్ని అంచులకూ వార్నిష్. ప్రభుదాస్ కొట్టి విని, ఇప్పుడు కట్టె లెక్క పలుకుతాంది అన్నాడు. క్లాంపులు తిరిగిచ్చేశాను. నీ చెప్పులు తీస్కపో అన్నాడు, ఉత్తి చేతులు చూపిస్తూ.

బా మొదటిసారి బీరువా తలుపు తుడిచాడు. టైంటేబుల్ తీయలేదు.

కరపత్రాలన్నీ తీసి సంచిలో కట్టాను. పై అర ఖాళీ. నా కరపత్రంలో ఆ ఒక్క వాక్యం మార్చి మళ్ళీ అచ్చు వేయాలి. నాలుగుసార్లు మొదలుపెట్టాను. తన అన్న... అక్కడే ఆగిపోతోంది.

ఆగస్టు 15

రాత్రి పెద్ద వాన. పాత ఇంట్లోకి కిటికీ దాకా నీళ్ళు. యాడి కొత్త ఇంటి వసారాలోంచి చూసింది. అన్నం తిన్నది.

ఆగస్టు 17, ఆదివారం

రేపు భూపాలపల్లి బస్సు. పోయేముందు చివరి టెస్టు అని నిన్న సాయంత్రం రెండు పాలిథీన్ ముక్కలు అతికించాను, కింది అరలో ఒకటి, పై అరలో ఒకటి.

కింది అర పొడి.

పై అరలో ఆవిరి. యాడి దీన్నే ఊపిరి అంది.

తుడవలేదు.